కీర్తనా, జాజా, డప్పా? క్రిస్మస్ పాటలపై సందేహాలు – సమాధానాలు

నవంబర్ చివరి వారంలో కాయిర్ ప్రాక్టీసులు మొదలవుతాయి, వాటి వెనకే తగాదాలూ మొదలవుతాయి. కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పండుగ పాట ఎలా ఉండాలన్నదాని చుట్టూనే తిరిగాయి. కొన్నిటికి వివరంగా, కొన్నిటికి క్లుప్తంగా జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మా సంఘంలో కాయిర్ నడిపిస్తున్నాను. ఈ ఏడు యూత్ పిల్లలు ఒక పాత క్రిస్మస్ కీర్తనను జాజ్ పద్ధతిలో చేస్తామని పట్టుబట్టారు. పుస్తకంలో ఆ పాట మీద మోహన రాగం అని ఉంది. ప్రాక్టీసులో విన్న పెద్దవాళ్ళు "ఇది మన పాట కాదు, హోటల్‌ల వాయించినట్టుంది" అని లేచిపోయారు. పిల్లలేమో మమ్మల్ని ఎదగనివ్వడం లేదంటున్నారు. అయ్యగారు నిర్ణయం నాకే వదిలేశారు. ఏం చెయ్యమంటారు?
– కాయిర్ మాస్టర్, కరీంనగర్

జవాబు: మీ పెద్దవాళ్ళ చెవి తప్పు వినలేదు, పిల్లల కోరికలోనూ తప్పు లేదు. తగాదా ఎక్కడ పుట్టిందో తెలియాలంటే కీబోర్డు దగ్గరికి వెళ్ళి చూడాలి.

మోహనలో ఉన్నవి ఐదే స్వరాలు: స రి గ ప ద. మధ్యమం లేదు, నిషాదం లేదు. 'సి'ని షడ్జమంగా పెట్టుకుంటే అవి సి, డి, ఇ, జి, ఎ. జాజ్ నేర్చుకునే పిల్లవాడి చేతికి ముందుగా అలవాటయ్యేవి సెవెన్త్ కార్డ్స్. పల్లవి చివర పాట షడ్జమానికి తిరిగివచ్చే ముందు వాడి వేళ్ళు వాటంతటవే జి సెవెన్త్ మీదికి పోతాయి. అందులో ఉండేవి జి, బి, డి, ఎఫ్. బి అంటే నిషాదం, ఎఫ్ అంటే మధ్యమం. రాగం పక్కన పెట్టిన రెండు స్వరాలూ ఒకేసారి, అదీ పాట నిలబడాల్సిన చోట వచ్చి కూర్చున్నాయి. మీ పెద్దలకు ఆ కార్డ్ పేరు తెలియకపోవచ్చు, రాగం మొహం మారిపోయిందని మాత్రం వెంటనే తెలిసింది.

ఇప్పుడు పిల్లల వైపు నుంచి చూద్దాం. జాజ్ వాద్యకారులు ఎంతో ఇష్టంగా వాడే సిక్స్-నైన్ అనే కార్డ్ ఒకటుంది. 'సి' మీద వేస్తే అందులో వచ్చేవి సి, ఇ, జి, ఎ, డి. లెక్కపెట్టి చూడండి: అచ్చంగా మోహన స్వరాలు, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఎ మైనర్ సెవెన్త్‌లో ఎ, సి, ఇ, జి ఉంటాయి, అవీ మోహనలోనివే. జి సెవెన్త్ వెయ్యాలనిపించిన చోట జి, ఎ, డి మూడే నొక్కమనండి. పంచమం, ధైవతం, రిషభం మోగుతాయి, పాట షడ్జమానికి హాయిగా దిగుతుంది. ఈ మూడింటితో ఒక చరణం వాయించి, లేచిపోయిన పెద్దవాళ్ళనే పిలిచి వినిపించండి. జాజ్ రంగు ఉంటుంది, మోహనా ఉంటుంది.

అన్ని కీర్తనలకూ ఈ ఉపాయం పారదు. శంకరాభరణంలో ఉన్నవి పాశ్చాత్యుల మేజర్ స్కేల్ స్వరాలే కాబట్టి ఏ కార్డ్స్ వేసినా చాలావరకు ఒదుగుతాయి. ఆనందభైరవి అలా కాదు. అందులో గాంధారం ఊగుతుంది, కీబోర్డు మీటకు ఊగడం రాదు. అలాంటి పాట మీద కార్డ్స్ వరుసగా మారుస్తూ పోతే గమకం నలిగిపోతుంది. ఆ పాటలకు శ్రుతి, తబలా, తాళాలు చాలు. ఇక్కడ నేను రాజీ పడను. పుస్తకంలో పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చు వేశారంటే అది అలంకారానికి కాదు. పాట దేనిమీద నిలబడిందో చెప్పడానికి వేశారు.

చివరగా, పాడేదెవరు అన్నది తేల్చుకోండి. సంఘమంతా కలిసి పాడాల్సిన పాటయితే బాణీ, నడక, ఎత్తుగడ మార్చవద్దు. కళ్ళద్దాలు తెచ్చుకోవడం మరిచిపోయి జ్ఞాపకంతో పాడే ముసలమ్మ మధ్యలో ఆగిపోకూడదు. పిల్లల పనితనమంతా చరణాల మధ్య వచ్చే బిట్‌లో చూపించమనండి. పాట మొత్తం జాజ్‌లో చెయ్యాలంటే సాయంత్రం జరిగే క్యారల్ సర్వీసులో స్పెషల్ సాంగ్‌గా పెట్టండి. అక్కడ సంఘం వింటుంది, కాయిర్ పాడుతుంది. ఇంకో మాట, శ్రుతి తగ్గించండి. సినిమా గాయకుల ఎత్తులో పెట్టి సంఘాన్ని పాడమంటే సగం మంది నోరు మూసుకుంటారు.

ప్రశ్న: నాకు పందొమ్మిదేళ్ళు. కీబోర్డు వాయిస్తాను. ఫోన్‌లో జాజ్ వింటుంటే పిచ్చెక్కుతోంది. మా ఇంటి దగ్గర అన్న ఒకాయన, "అది తాగుడు హోటళ్ళ సంగీతం, గుడిలో దానికేం పని" అన్నాడు. నిజమేనా? నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– సింగరేణి క్వార్టర్స్, గోదావరిఖని

జవాబు: తమ్ముడూ, మీ అన్న చెప్పింది ఆ కథలో ఒక మలుపు మాత్రమే. బొంబాయి తాజ్‌మహల్ హోటల్‌లో 1935లో లియాన్ ఆబీ అనే నల్లజాతి వయొలిన్ విద్వాంసుడి బృందం వాయించింది. గోవా క్రైస్తవ వాద్యకారులు ఆ సంగీతం పట్టుకున్నారు. చిక్ చాకొలెట్ అని పేరుపడ్డ గోవా ట్రంపెట్ విద్వాంసుడు సంగీత దర్శకుడు సి. రామచంద్రతో కలిసి 1951 నాటి హిందీ సినిమా 'అల్బేలా'కు పనిచేశాడు. హోటల్ నుంచి సినిమాకు, సినిమా నుంచి మన పెళ్ళి బ్యాండుకు, అక్కడి నుంచి మన చెవికి అలా చేరింది. కాబట్టి హోటల్ ముచ్చట అబద్ధం కాదు.

అయితే అది పుట్టిన ఇల్లు హోటల్ కాదు. అమెరికాలో బానిసలుగా పత్తి చేలలో పనిచేసిన నల్లజాతి వాళ్ళు యజమానుల కళ్ళు కప్పి, కూడి పాడుకున్న భక్తి పాటలున్నాయి. వాటిని స్పిరిచువల్స్ అంటారు. బానిసత్వం రద్దయ్యాక 1871లో నాష్‌విల్‌లోని ఫిస్క్ యూనివర్సిటీ విద్యార్థులు జూబ్లీ సింగర్స్ పేరుతో వాటిని ఊరూరా పాడి వినిపించారు. ఇవాళ ప్రపంచమంతా పాడే 'గో టెల్ ఇట్ ఆన్ ద మౌంటెన్' క్రిస్మస్ పాట ఆ బానిసల నోటి పాటే. దాన్ని సేకరించి భద్రం చేసింది అదే యూనివర్సిటీకి చెందిన జాన్ వెస్లీ వర్క్. ఆ పాటల్లోని స్వరాలు, వంపులు, ఒకరు అంటే పదిమంది అందుకునే పద్ధతి, వాటితోపాటు బ్లూస్, బ్యాండు మేళాలు కలిసి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో న్యూ ఆర్లీన్స్‌లో జాజ్ అయ్యాయి. వెట్టి చేసిన తాతముత్తాతలు మనకూ ఉన్నారు. అందుకే ఈ సంగీతాన్ని పరాయిదని కొట్టిపారేస్తే నాకు బాధ కలుగుతుంది.

గుడిలో పనేమిటన్న ప్రశ్నకు జవాబు 1965లోనే వచ్చేసింది. జాజ్‌లో మహామహుడైన డ్యూక్ ఎలింగ్టన్ తన పవిత్ర సంగీత కచేరీని ఆ సెప్టెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో గ్రేస్ కెథెడ్రల్‌లో వినిపించాడు. క్రిస్మస్ మర్నాడు, డిసెంబర్ 26న, న్యూయార్క్‌లోని ఫిఫ్త్ అవెన్యూ ప్రెస్బిటీరియన్ చర్చిలో మళ్ళీ వాయించాడు. అదే డిసెంబర్‌లో విన్స్ గ్వరాల్డి పియానోతో చార్లీ బ్రౌన్ క్రిస్మస్ కార్టూన్ టీవీలో వచ్చింది. నువ్వు మొదట వినాల్సింది అదే. మూడే వాద్యాలు: పియానో, బాస్, డ్రమ్స్. ఆర్భాటం లేదు, ఎక్కడ ఆగాలో తెలిసిన వాయిద్యం. ఆ తర్వాత ఎల్లా ఫిట్జెరాల్డ్ 1960లో పాడిన క్రిస్మస్ పాటలు విను.

నేర్చుకోవడం నడకతో మొదలుపెట్టు. జాజ్‌లో స్వింగ్ అనేదే ప్రాణం. ఒక దెబ్బను రెండు సమభాగాలు చెయ్యడం మామూలు పద్ధతి. స్వింగ్‌లో మొదటి భాగం పొడుగు, రెండోది పొట్టి. నోటితో 'తకిట, తకిట' అంటూ చేత్తో తాళం వెయ్యి. ఇప్పుడు 'త' మీద, 'ట' మీద మాత్రమే మీట నొక్కు, 'కి'ని మనసులో అనుకో. స్వింగ్ దాదాపు అదే, మనవాళ్ళు తిశ్రం అనేదానికి దగ్గర చుట్టం. మన కోలాటం పాటల్లో చాలావాటికి ఈ తిశ్రనడకే ఉంటుంది కాబట్టి నీ ఒంటికి అది కొత్తేమీ కాదు. ఇది పట్టుబడేదాకా కార్డ్స్ జోలికి పోవద్దు. తర్వాత కుడిచేత్తో ఒకే ఒక్క పాట పల్లవి తీసుకుని, మొదటిసారి ఉన్నదున్నట్టు, రెండోసారి ఒకటి రెండు స్వరాలు మార్చి, మూడోసారి నీ సొంతంగా వాయించి, నాలుగోసారి మళ్ళీ అసలు పల్లవికి తిరిగి రా. తిరిగి రావడం తెలియని వాడు ఎంత దూరం పోయినా జాజ్ వాయించినట్టు కాదు. మన విద్వాంసులు నెరవు పాడి పల్లవి అందుకునేటప్పుడు ఉండే క్రమశిక్షణే అక్కడా ఉంది.

మీ అన్నతో వాదించకు. పల్లవి నేర్చుకున్నాక ఆయన ఎదుట వాయించు.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. మా చిన్నతనంలో క్రిస్మస్ అంటే కీర్తనలు, మిషన్ వాళ్ళు నేర్పిన నాలుగు గొంతుల పాటలు. నిదానంగా, అర్థం తెలిసేట్టు పాడేవాళ్ళం. ఇప్పుడు గుడిలో వినిపించేది సంగీతమా, మోతా అని అనుమానం వస్తోంది. పాత పాటలే అసలైన క్రిస్మస్ పాటలని నా నమ్మకం. నాది చాదస్తమా?
– లక్షెట్టిపేట

జవాబు: అమ్మా, చాదస్తం కాదు. మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. ఒకదాన్ని ఒప్పుకోలేను, రెండోదానికి చేతులెత్తి నమస్కరిస్తాను.

పాతవి కాబట్టే అసలైనవి అన్నది ఒప్పుకోలేను. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మీ ప్రాంతాలకు వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు ఎంతో గౌరవంగా నేర్పిన పాటల్లో చార్లెస్ వెస్లీ 1739లో రాసిన క్రిస్మస్ పాట ఒకటి, దూతలు పాడుతున్నారు వినండి అనేది. ఇవాళ మనం పాడే బాణీ వెస్లీ విన్నది కానే కాదు. అచ్చుయంత్రం కనిపెట్టిన గూటెన్‌బర్గ్ ఉత్సవాల కోసం మెండెల్సన్ అనే సంగీతకర్త 1840లో కట్టిన సంగీతంలోది అది. భక్తి పాటకు ఆ బాణీ నప్పదని ఆయనే అన్నాడు. ఆయన పోయాక 1855లో విలియం కమ్మింగ్స్ అనే ఇంగ్లీషు సంగీతజ్ఞుడు ఆ రెండింటినీ ముడిపెట్టాడు. అప్పటికి అది కొత్త ప్రయోగం. 'సైలెంట్ నైట్' సంగతి తీసుకోండి. ఆస్ట్రియాలో ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊళ్ళో 1818 డిసెంబర్ 24 రాత్రి, జోసెఫ్ మోర్ మాటలకు ఫ్రాంజ్ గ్రూబర్ కట్టిన బాణీతో మొదటిసారి పాడారు. పక్కన మోగింది గిటారు. యూత్ పిల్లలు గిటారు పట్టుకొస్తే విసుక్కునే పెద్దలకు ఇది చెప్పాలి.

మన కీర్తనల మాటేమిటి? 1803లో పుట్టిన పురుషోత్తమ చౌధరి క్రీస్తు మీద కర్ణాటక రాగాల్లో కీర్తనలు కట్టినప్పుడు తెలుగు సంఘాలకు అవీ కొత్తే. ఆయన 1890లో కన్నుమూసే నాటికి అవి మన సొంతమైపోయాయి. మీరు ప్రాణంగా దాచుకున్న ప్రతి పాటకూ ఇలా కొత్తగా వచ్చిన రోజు ఒకటుంది.

నమస్కరించే విషయం రెండోది. అర్థం తెలిసేట్టు పాడాలన్నారు, అక్కడ మీకు ఎదురు లేదు. కీర్తనకారులు తెలుగు ఛందస్సు తెలిసినవాళ్ళు, వాళ్ళ పాటలో యతి ఎక్కడ పడుతుందో అక్కడే ఊపిరి ఆగుతుంది. ఇప్పుడు ముందు ట్రాక్ తయారుచేసి, దాని మీదికి మాటలు దొర్లిస్తున్నారు. దీర్ఘం హ్రస్వమవుతుంది, ఒత్తు పోతుంది. రక్షకుడు ఎందుకు పుట్టాడో చెప్పాల్సిన మాట డ్రమ్ముల కింద పడి వినిపించదు. ఇది జాజ్ చేసిన తప్పు కాదమ్మా. మంచి జాజ్ గాయని ఒక్క అక్షరం కూడా మింగదు. అడావుడి చేసిన తప్పిది.

మీకు ఒక పని అప్పగించాలనుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి: రాగం పేరు, తాళం పేరు, సాహిత్యం. స్వరం లేదు. ఫలానా రాగం అని ఉంటే ఆ రాగంలో ఏ బాణీ అన్నది నోటి నుంచి నోటికి వచ్చిందే. ఒకే కీర్తనను గుంటూరులో ఒకలా, మెదక్‌లో ఒకలా, లక్షెట్టిపేటలో ఇంకోలా ఎత్తుకుంటారు. మీ అమ్మగారు పాడిన బాణీ మీ గొంతులో తప్ప ఇంకెక్కడా ఉండకపోవచ్చు. మీ మనవరాలి ఫోన్ ముందు కూర్చుని, వాద్యం ఏదీ లేకుండా, మీకు వచ్చిన క్రిస్మస్ కీర్తనలన్నీ పల్లవి నుంచి చివరి చరణం దాకా పాడి రికార్డు చేయించండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊళ్ళోనో మొదట్లో చెప్పండి. గొంతు వణికితే వణకనివ్వండి. ఈ డిసెంబర్‌లోనే చెయ్యండి, వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యకండి.

ప్రశ్న: సండే స్కూల్ పిల్లల చేత 'జింగిల్ బెల్స్' పాడించవచ్చా?
– హుజూరాబాద్

జవాబు: జేమ్స్ పియర్‌పాంట్ 1857లో అచ్చు వేయించిన ఆ పాటలో గుర్రపు బండి ఉంది, మంచు ఉంది, సరదా ఉంది. యేసు పుట్టుక ఊసే లేదు, క్రిస్మస్ అన్న మాట కూడా లేదు. క్రిస్మస్ ట్రీ దగ్గర, మిఠాయిలు పంచేటప్పుడు పాడుకోనివ్వండి. ఆరాధనలో వద్దు.

ప్రశ్న: మా మామయ్య సింగరేణిలో పనిచేసి రిటైరయ్యారు. డిసెంబర్ వచ్చిందంటే పొద్దున్నుంచి జిమ్ రీవ్స్ పాటలే. మా ఆయనకు జాజ్. అత్తమ్మకు తెలుగు కీర్తనలు తప్ప ఏదీ పాటే కాదు. ఇంట్లో ఉన్నది ఒక్క స్పీకరు. నేను ఎవరి పక్షం వహించాలి?
– బెల్లంపల్లి

జవాబు: జిమ్ రీవ్స్ టెక్సాస్ గాయకుడు. ఆయన క్రిస్మస్ రికార్డు 1963లో వచ్చింది, మరుసటి ఏడాది జూలైలో విమాన ప్రమాదంలో పోయాడు. ఆ మెత్తని గొంతు మన దేశంలో క్రైస్తవుల ఇళ్ళలో ఎంతగా స్థిరపడిందంటే, మామయ్యగారికి అది అమెరికా పాటలా అనిపించదు. జీతం డబ్బుతో కొనుక్కున్న టేపు రికార్డరు, పిల్లల చిన్నతనం, క్వార్టరు ముందు వేలాడదీసిన నక్షత్రం, అన్నీ అందులో ఉన్నాయి. మనిషి యవ్వనంలో విన్న పండుగ పాటనే ఆఖరిదాకా పండుగ పాట అనుకుంటాడు. మీ ఆయన జాజ్ కూడా ఇంకో ముప్పై ఏళ్ళకు మీ పిల్లలకు పాత పాటే.

పొద్దున వంటింట్లో పని నడిచే వేళ అత్తమ్మది. కీర్తన వింటూ ఆమె గొంతు కలుపుతుంది, అది రికార్డు కన్నా విలువైనది. మధ్యాహ్నం మామయ్యది. రాత్రి భోజనాలయ్యాక మీ ఆయనది, జాజ్‌కు రాత్రే నప్పుతుంది. మీకేది ఇష్టమో ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. మీకూ ఒక వేళ తీసుకోండి.

ప్రశ్న: మా విచారణలో కేరళ సిస్టర్స్ నేర్పిన పాటలు, తెలుగు పాటలు రెండూ పాడతాం. ఈసారి క్రిస్మస్ రాత్రి పూజలో డ్రమ్స్, శాక్సఫోన్ పెడదామని అనుకున్నాం. పెద్దలు, "కతోలిక పూజలో ఇవి నిషిద్ధం" అంటున్నారు. నిజమా?
– మంచిర్యాల

జవాబు: ఒకప్పుడు నిజం. 1903 నవంబర్ 22న పదో పయస్ పోపు ఇచ్చిన ఆజ్ఞలో డ్రమ్ములనే కాదు, పియానోను కూడా గుడిలో నిషేధించారు. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబర్‌లో వెలువరించిన ఆరాధన పత్రం ఆ తలుపు తెరిచింది. మిషన్ దేశాల ప్రజల సొంత సంగీత సంప్రదాయాలకు తగిన స్థానం ఇవ్వాలనీ, ఆరాధనకు తగిన ఇతర వాద్యాలను అధికారుల అనుమతితో వాడవచ్చనీ అందులో ఉంది. అంటే నిర్ణయం మీ ఫాదర్‌ది, ఆయన పైన మేత్రాణులది. మీరు ఆదిలాబాద్ సీరో-మలబార్ మేత్రాసనం కిందికి వస్తే, 1999లో ఏర్పడిన దాని కేంద్రం మీ ఊళ్ళోనే ఉంది కాబట్టి అడగడం కష్టం కాదు.

నా సలహా అడిగితే, శాక్సఫోన్ పెట్టండి, డ్రమ్ సెట్ వద్దు. మన గుళ్ళు చాలావరకు సిమెంటు గోడలు, ఎత్తు తక్కువ స్లాబులు. మోత గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంది. శాక్సఫోన్ మనిషి గొంతుకు దగ్గరగా ఉంటుంది, దివ్యసత్ప్రసాదం పంచే వేళ ఒంటరిగా, నెమ్మదిగా వాయిస్తే గుడి నిండుతుంది.

ప్రశ్న: మా తాత డప్పు కొట్టేటోడు. సంఘంల కలిసినంక డప్పు అటక మీద పెట్టిండు, మళ్ల ముట్టలేదు. ఇప్పుడు యూత్ పోరగాళ్లు క్రిస్మస్ ర్యాలీల ఇంగ్లీషు పాటలు వద్దు, డప్పు కావాలంటున్రు. మా నాయినకు ఇష్టం లేదు. "ఎందుకు ఇడిచిపెట్టినమో మీకు ఎర్క లేదు" అంటడు. ఏది ఒప్పు?
– జగిత్యాల దగ్గరి ఊరు

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది ఇదే.

మీ నాయన మాటను తేలిగ్గా తీసుకోవద్దు. డప్పు కొట్టడం ఆనాడు కళ కాదు, వెట్టి. చావు ఇంటికి, జాతరకు, చాటింపుకు పిలుపు వస్తే పోవాల్సిందే, వానైనా జ్వరమైనా. ఇచ్చింది పుచ్చుకోవాలి. ఒంగోలు ప్రాంతంలో పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవులైన మాదిగలు ఊరి పండుగలకు డప్పు కొట్టబోమన్నందుకు దెబ్బలు తిన్నారు. తెలంగాణ పల్లెల్లోనూ సంఘంలో చేరడమంటే డప్పు దించడమే అయింది. మీ తాత అటక మీద పెట్టింది వాద్యాన్ని కాదు, ఊరి పెత్తనాన్ని. మిషనరీలు కూడా ఆ మోతను విగ్రహారాధనతో ముడిపెట్టి చూశారు కాబట్టి గుడిలోకి హార్మోనియం వచ్చింది, డప్పు రాలేదు.

అయితే కథ అక్కడ ఆగలేదు. 1994లో మొదలైన దండోరా ఉద్యమం డప్పును తలెత్తుకుని మోసింది. తెలంగాణ ఉద్యమంలో డప్పు లేని సభ లేదు. వెట్టి గుర్తుగా ఉన్నది ఆత్మగౌరవం గుర్తయింది. మీ పిల్లలు ఎరిగిన డప్పు ఇది, మీ నాయన ఎరిగింది అది. రెండూ నిజమే.

నేనైతే పోరగాళ్లను మీ నాయన దగ్గర కూర్చోబెడతాను. ఎందుకు విడిచిపెట్టారో ఆయన నోటితోనే విననివ్వండి. విన్నాక కూడా కావాలంటే ఒక్క షరతు పెట్టండి: డప్పు కొట్టడానికి బయటి నుంచి ఎవరినీ పైసలిచ్చి పిలవకూడదు, ఫలానా ఇంటివాళ్ళే కొట్టాలని అనకూడదు. సంఘంలో ఏ ఇంటి పిల్లలైనా, ఆడపిల్లలతో సహా, నేర్చుకుని మెడలో వేసుకోవాలి. అలా జరిగిన రోజున మీ తాత పడ్డ అవమానం ఆ డప్పులో మిగలదు. నాయన అప్పటికీ వద్దంటే ఈ ఏడు ఆపెయ్యండి. ఆయన బాధ కన్నా ర్యాలీ పెద్దది కాదు.

వాయించే పద్ధతి గురించి రెండు మాటలు. డిసెంబర్ చలికి తోలు వదులై డప్పు 'బొద్దు'గా మోగుతుంది. బయల్దేరే ముందు గడ్డి మంట వేసి, తోలు వైపు తిప్పుతూ, వేలితో తట్టి చూస్తూ కాక పెట్టాలి. మరీ దగ్గర పెడితే తోలు పగులుతుంది. ఫైబర్ డప్పుకు ఈ బాధ లేదు కానీ ఆ గొంతూ లేదు. కుడిచేతి సిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల కలిసి పలికే దరువు పక్కన ఆక్టాప్యాడ్ పెట్టవద్దు, ఒకదాన్నొకటి తినేస్తాయి. దరువు మీద చిరుతల భజన బాణీలో, కోలాటం బాణీలో మీ ఊరివాళ్ళే క్రీస్తు పుట్టుక కథ అల్లి పాడాలి. యూరప్‌లో నడి యుగాల నాటి క్యారల్స్ కూడా జనం చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడుకున్న ఆటపాటలే. జాజ్ గురించి ఇంత చెప్పిన నేను మీ పిల్లలకు చెప్పేదిదే: న్యూ ఆర్లీన్స్ వాళ్ళు తమ దగ్గరున్నదానితో చేశారు, మీ దగ్గర డప్పు ఉంది.

ప్రశ్న: మా స్కూల్లో క్రిస్మస్ కార్యక్రమానికి పిల్లలకు గుస్సాడీ వేషం వేయించి, పాశ్చాత్య సంగీతానికి ఆడిద్దామని ఒక టీచర్ అన్నారు. స్థానిక కళ కదా, బాగుంటుందా?
– ఉట్నూర్

జవాబు: వద్దు. గుస్సాడీ వేషం కాదు. దీపావళి రోజుల్లో రాజ్‌గోండులు దండారి ఉత్సవంలో భాగంగా నియమనిష్ఠలతో వేసుకునేది. ఆ నెమలి ఈకల టోపీ వాళ్ళకు పూజనీయం. మార్లవాయికి చెందిన కనకరాజు గారికి 2021లో ఈ కళ కోసమే పద్మశ్రీ ఇచ్చారు, ఆయన జీవితమంతా దాన్ని దాని గౌరవంతోనే నిలిపారు. డప్పు విషయంలో ఆ పిల్లలు తమ తాతల వాద్యాన్ని తాము తీసుకుంటున్నారు. ఇక్కడ మీరు ఇంకొకరి దేవుడి సొమ్ము తీసుకుంటున్నారు. స్థానికంగా ఏదైనా చేయాలంటే గోండు పెద్దలను అతిథులుగా పిలిచి, వాళ్ళు ఏది వాయించడానికి ఇష్టపడతారో అడగండి.

ప్రశ్న: క్యారల్స్ రౌండ్స్‌కు ఆటోలో జనరేటరు, రెండు పెద్ద స్పీకర్లు పెట్టుకుని తెల్లవార్లూ తిరుగుతారు మావాళ్ళు. పరీక్షలకు చదువుకునే పిల్లలున్న ఇళ్ళవాళ్ళు గొడవపడ్డారు. జాజా, కీర్తనా అన్నది తర్వాత, ముందు ఈ మోత సంగతి చెప్పండి.
– కాగజ్‌నగర్

జవాబు: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. పండుగలకు ప్రభుత్వం ప్రత్యేకంగా సడలింపు ఇచ్చినా అది అర్ధరాత్రి 12 దాకానే. పది దాటాక ఆటో ఆపేసి నడవండి. ఒక గిటారో డోలక్కో, రెండు జతల తాళాలు, పది గొంతులు ఉంటే వీధికి చాలు. నలుగురు ఆడపిల్లలు పల్లవి పాడుతుంటే నలుగురు మగపిల్లలు కింది శ్రుతిలో అందుకునేట్టు ముందే ప్రాక్టీసు చేయించండి, స్పీకరు లేని లోటు తెలియదు. ప్రతి ఇంటి ముందూ ఒక్క పాట, రెండు చరణాలు, ప్రార్థన. పరీక్షల పిల్లలున్న ఇళ్ళకు, చంటిపిల్లలున్న ఇళ్ళకు తొమ్మిదింటికల్లా వెళ్ళొచ్చేట్టు రూటు వేసుకోండి.